రాష్ట్ర విభజనలు – గంజాం తెలుగువారి అనుభవం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్భై ఐదు సంవత్సరాలు ఒక పాఠశాల నిలవడం సామాన్య విషయం కాదు. అందునా బరంపురంలో ఒక తెలుగు పాఠశాల నిలవడం అంతకంటె విశేషం. పాఠశాల స్థాపన, తొలి ఉపాధ్యాయుల త్యాగం, భవన నిర్మాణం మొదలైన విషయాలు ఇతర వక్తలు ముచ్చటిస్తున్నారు. చరిత్ర పాఠాలు చెప్పుకొని బ్రతికినవాడిని గనుక నేను మరొక ప్రశ్నను మీ ముందుంచదలచాను. ఒరిస్సా రాష్ట్రంలో ఈ తెలుగు బడి ఎందుకున్నది? మనం ఎక్కడి నుండో వలస వచ్చి ఇక్కడ బడి పెట్టుకున్నామా, లేక మనం ఉన్నచోటనే ఉండగా రాష్ట్రమే మన కాళ్ళ క్రింద నుండి కదిలిపోయినదా?

నిజానికి రెండూ జరిగాయి. పెద్దబజారు ప్రాంతంలో పట్టుమగ్గాలు నెలకొల్పిన నేతపనివారి పూర్వులు దక్షిణం నుండి వచ్చినవారే. రెండేళ్ళకొకసారి జరిగే బుడ్ఢి ఠాకురాణి యాత్రలో దేశిబెహరాగా పెద్దరికం వహించేది నేటికీ ఆ నేతవారి కుటుంబమే. వారు రాజ్యాలు మారకముందే వచ్చారు. ఈ ఊరి దేవతను తమ ఇంటి ఆడపడుచును చేసుకున్నారు. కాని తరతరాలుగా ఇక్కడ ఉన్న తెలుగువారు ఒక ఉదయం నిద్రలేచి చూసేసరికి "అన్యభాషీయులు" కావడం మాత్రం వలస వల్ల జరుగలేదు. అది 1936వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన జరిగింది. ఆ విషయమే ఈనాటి నా ప్రసంగాంశం.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకుందాం. "విడిపోవడం" అనే ఒక్క మాటతో మనం రెండు వేరువేరు సంగతులను చెబుతుంటాం. ఒక ప్రాంతం దేశం నుండే విడివడి వేరు దేశం కావడం ఒకటి. దేశంలో ఉంటూనే ఒక రాష్ట్రం నుండి విడివడి వేరు రాష్ట్రం కావడమో, పొరుగు రాష్ట్రంలో చేరడమో రెండవది. మొదటిదానికి మన రాజ్యాంగంలో తావులేదు. మన దేశం రాష్ట్రాలు కుదుర్చుకొన్న ఒప్పందం వల్ల ఏర్పడినది కాదనీ, కనుక ఏ రాష్ట్రానికీ వైదొలగే హక్కు లేదనీ రాజ్యాంగసభలో అంబేద్కర్ మహాశయుడు 1948లోనే వివరించాడు. రెండవదానికి రాజ్యాంగం 3వ అధికరణంలో రాజమార్గమే వేసింది. రాష్ట్రాలను కలపడానికి, విడదీయడానికి, హద్దులు మార్చడానికి పార్లమెంటుకు అధికారమున్నది. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడుగుతారు. కాని ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడి ఉండనక్కరలేదు. దేశం చెక్కుచెదరనిది, రాష్ట్రాల హద్దులు చెరిపి వ్రాయదగినవి. ఇదీ మన ఏర్పాటు.

గంజాం కథ ఈ రెండవ కోవకు చెందినది. అయితే రాజ్యాంగం పుట్టకముందు జరిగినది.

ఉత్తర సర్కారులను కుంఫిణీవారు 1766లో నిజాముతో ఒడంబడిక చేసుకొని పొందారు. గంజాం ఆ విధంగా మద్రాసు ఆధిపత్యం క్రిందికి వచ్చింది. కటకం, పూరీ, బాలాసోరు ప్రాంతాలు మాత్రం మరాఠాల చేతుల్లో ఉండి, 1803లో ఆంగ్లేయుల వశమై బంగాళంలో చేరాయి. సంబల్‌పూరు 1862లో మధ్యపరగణాలకు పోయింది. ఒక్క భాష మాట్లాడే జనం మూడు రాజధానుల వైపు మూడు ముఖాలుగా తిరిగి నిలబడవలసి వచ్చింది. ప్రతిచోటా వారు అల్పసంఖ్యాకులే. ప్రతిచోటా వారి పైఅధికారి వేరే భాషవాడే. బంగాళంలో కొందరు పండితమ్మన్యులు అసలు ఒడియా వేరొక భాషే కాదని వాదించారు. సంబల్‌పూరులో 1890 దశకంలో కచేరీలనుండి ఒడియాను తొలగించి హిందీని ప్రవేశపెట్టారు. ఎంతో ఆందోళన జరిగిన పిమ్మట గాని దానిని పునరుద్ధరించలేదు. మద్రాసు రాజధానిలో ఉత్తరపు కొసనున్న గంజాంలో ఒడియా రైతు తాసీల్దారు కచేరీకి పోతే, అక్కడి గుమాస్తా చాలావరకు తెలుగువాడు. బడికి పోతే పంతులు తెలుగువాడు. కోర్టుకు పోతే వకీలు తెలుగువాడు.

మనం తెలుగువారం గనుక ఈ మాట మరింత నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. ఆనాటి ఒడియా సోదరుల ఫిర్యాదులో న్యాయమున్నది. తెలుగు గుమాస్తాలు దుర్మార్గులని కాదు. తన భాష తెలియనివాని ఎదుట నిలబడి తన భూమి సంగతి చెప్పుకోవలసిరావడం ఎటువంటి అవమానమో, 1936 తరువాత మనకు అనుభవానికి వచ్చింది. అంతకు పూర్వమే వారికి అనుభవంలో ఉన్నది. ఈ రెండు అనుభవాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగలిగినవాడే గంజాం చరిత్రను అర్థం చేసుకోగలడు.

1903లో గంజాంలోని ఒడియా ప్రముఖులు గంజాం జాతీయ సమితిగా సమావేశమయ్యారు. అదే సంవత్సరం డిసెంబరు నెలాఖరున కటకంలో మధుసూదన దాసు పూనికతో ఉత్కళ సమ్మిళని ప్రారంభమయినది. గంజాంలో రాజుకున్న దీపమే కటకంలో జ్యోతిగా వెలిగిందన్నా అతిశయోక్తి కాదు. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వ కార్యదర్శి రిస్లీ వ్రాసిన లేఖలో ఒడియా ప్రాంతాలన్నిటినీ ఒక్కచోట చేర్చాలనే ప్రతిపాదన కనబడుతుంది. 1905లో సంబల్‌పూరు ఒరిస్సాలో చేరింది. మద్రాసు ప్రభుత్వం అంగీకరించకపోవడంచేత గంజాం మాత్రం చేరలేదు. 1912లో బీహారు – ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడూ గంజాం మద్రాసులోనే మిగిలిపోయింది.

ఆ మరుసటి సంవత్సరం, అనగా 1913లో, బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. తమిళుల ఆధిక్యం క్రింద మనకు ఉద్యోగాలు రావడంలేదు, మన భాషకు గౌరవం లేదు, మనకు వేరు రాష్ట్రం కావాలని తెలుగువారు కోరారు. ఒక్క క్షణం ఆలోచించండి. మద్రాసులో తమిళుల గురించి తెలుగువారు చేసిన ఫిర్యాదు ఏదో, గంజాంలో తెలుగువారి గురించి ఒడియావారు చేసిన ఫిర్యాదు కూడా అదే. రెండు ఉద్యమాలూ ఒకే తల్లి బిడ్డలు. కాని గంజాంలో అవి ఎదురెదురుగా నిలబడ్డాయి.

1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు మద్రాసులోని ఒడియా ప్రాంతాలు తిరిగి, ఏకీకరణ కోరిక ప్రజలలో నిజంగానే ఉన్నదని నివేదించారు. తరువాత సైమన్ కమిషన్ వచ్చింది. 1931లో ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దుల సంఘం ఏర్పడింది. దానిలో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఒడియావారి పక్షాన, సి.వి.ఎస్. నరసింహరాజుగారు తెలుగువారి పక్షాన సహసభ్యులు. 1932లో నివేదిక వెలువడింది. ప్రజలను ఓటు అడగలేదు. ఆధారాలు రెండే: జనాభా లెక్కలు, మహజర్లు. లెక్కలలో ఎవరు తెలుగువారు, ఎవరు ఒడియావారు అన్న విషయం మీదనే పెద్ద వివాదం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే కుటుంబాన్ని ఏ గడిలో వ్రాయాలి? మాట్లాడే భాషను బట్టి వ్రాయాలా, కులాన్నీ వంశాన్నీ బట్టి వ్రాయాలా? లెక్కలవారి కాగితంలో ఒక్క గడియే ఉన్నది. గంజాం మనిషి నాలుక మీద మాత్రం రెండు భాషలు ఉన్నాయి.

పర్లాకిమిడి విషయం మరీ చిత్రమైనది. 1933లో ప్రకటించిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి గాని, జయపురం గాని కొత్త రాష్ట్రంలో లేవు. తాను ఏ రాష్ట్రం కోసం పాటుపడ్డాడో ఆ రాష్ట్రంలో తన ఊరే లేకపోవడం రాజావారికి ఎంత కష్టం కలిగించిందో ఊహించవచ్చు. ఆయన లండను దాకా ప్రయత్నాలు సాగించాడు. 1934లో పార్లమెంటు ఉభయసభల సంఘం జయపురాన్ని, పర్లాకిమిడి, జలంతర మన్యాలను, పర్లాకిమిడి పట్టణంతో కూడిన జమీందారీలో కొద్దిభాగాన్ని ఒరిస్సాలో చేర్చవలసిందని సిఫారసు చేసింది. ఆ ప్రకారమే జరిగింది. కోట ఇటు వచ్చింది. జమీందారీలోని మైదాన గ్రామాలు చాలావరకు అటు ఉండిపోయాయి. ఒక జమీందారీయే రెండు రాష్ట్రాలయింది.

1936 ఏప్రిల్ 1వ తేదీన కటకం, పూరీ, బాలాసోరు, సంబల్‌పూరు, గంజాం, కోరాపుట్ అనే ఆరు జిల్లాలతో ఒరిస్సా అవతరించింది. భారతదేశంలో భాష ప్రాతిపదికగా ఏర్పడిన తొలి రాష్ట్రం ఇదే. తెలుగువారు 1953 దాకా వేచియుండవలసిన దానిని ఒడియావారు పదిహేడేళ్ళ ముందే సాధించారు. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు మద్రాసులో మిగిలి విశాఖపట్టణం జిల్లాలో చేరాయి. 1950లో శ్రీకాకుళం జిల్లాలో భాగమయ్యాయి. బరంపురం నుండి ఇచ్ఛాపురం సుమారు పాతిక కిలోమీటర్లు. ఒక పూట ప్రయాణం కూడా కాదు. అయినా ఆనాటి నుండి అది వేరే రాష్ట్రం.

హద్దు మారితే సామాన్యుడికి ఏం మారుతుంది? సూర్యచంద్రులు మారరు, ఋషికుల్య దిక్కు మారదు. కాని కాగితం మారుతుంది. గంజాం వ్యాజ్యాలు అంతకుముందు మద్రాసు హైకోర్టుకు పోయేవి. 1936 నుండి పాట్నాకు పోయాయి. కటకంలో హైకోర్టు 1948లో గాని రాలేదు. చట్టాలు మాత్రం మద్రాసువే కొనసాగాయి. అందుచేత గంజాం వకీలు మద్రాసు ఎస్టేటు భూముల చట్టాన్ని పట్టుకొని పాట్నాలో వాదించవలసి వచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు గంజాం దాని పరిధిలోనిది. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడగా మన విద్యార్థుల చూపు వాల్తేరు నుండి కటకం వైపు తిరిగింది. 1967లో బరంపురం విశ్వవిద్యాలయం వచ్చాక ఆ దూరం తీరింది. 1954లో ఒడియా రాష్ట్ర అధికారభాష అయింది. అది ధర్మమే. కాని దానితో తెలుగు మాత్రమే తెలిసినవాడికి ఉద్యోగం అందని పండయింది. కొందరు కుటుంబాలతో దక్షిణానికి తరలిపోయారు. మిగిలినవారు ఒడియా నేర్చుకున్నారు, నిలబడ్డారు. మనం ఆ మిగిలినవారి సంతానం.

వెళ్ళినవారిలో ఒక మహానుభావుణ్ణి స్మరించకుండా ముందుకు పోలేను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880 నాటికే పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. వాడుకభాషోద్యమానికి పితామహులుగా వారిని తెలుగు లోకమంతా ఎరుగును. పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చడాన్ని వారు గట్టిగా వ్యతిరేకించారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. కొత్త రాష్ట్రం అవతరించిన రోజుననే, ఏడుపదులు దాటిన వయస్సులో, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1940లో కన్నుమూశారు.

అయితే గిడుగువారిని కేవలం తెలుగు పక్షపాతిగా తలచుకుంటే వారికి అన్యాయం చేసినవారమవుతాం. వారు మహేంద్రగిరి ప్రాంతపు సవరల భాష నేర్చుకొని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాలని సొంత ఖర్చుతో బడులు నడిపారు. తెలుగువారు, ఒడియావారు హద్దుల కోసం వాదులాడుకుంటున్నప్పుడు, "మీరు ఎటు ఉంటారు?" అని సవరలను అడిగినవారు లేరు. వారి కొండలు కొన్ని ఇటు, కొన్ని అటు పోయాయి. పిల్లవానికి తన తల్లి మాటలోనే మొదటి చదువు చెప్పాలనే గిడుగువారి సిద్ధాంతం సవరకు ఎంత వర్తిస్తుందో, ఒరిస్సాలోని తెలుగుకూ, ఆంధ్రలోని ఒడియాకూ అంతే వర్తిస్తుంది. హద్దుకన్న గొప్పదైన ఆ సూత్రాన్ని వారు మనకు వదిలి వెళ్ళారు.

ఇక ఈ ఊరి బిడ్డ వరాహగిరి వేంకటగిరిగారి సంగతి. 1894లో బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులుగారు ఇక్కడ పేరుమోసిన న్యాయవాది. 1937 ఎన్నికలలో గిరిగారు పోటీచేసినది ఒరిస్సా శాసనసభకు కాదు. బొబ్బిలిలో బొబ్బిలి రాజాపై నిలబడి గెలిచి, మద్రాసు మంత్రివర్గంలో చేరారు. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, పదవి మరొక రాష్ట్రంలో. అదే 1937లో ఒరిస్సాకు తొలుత కృష్ణచంద్ర గజపతివారు, తరువాత గంజాం జిల్లావాడే అయిన విశ్వనాథ దాసుగారు ప్రధానమంత్రులయ్యారు. ఒకే జిల్లా ఒక్క ఏడాదిలో రెండు రాష్ట్రాలకు నాయకులనిచ్చింది. 1969లో గిరిగారు రాష్ట్రపతి పదవి అధిష్ఠించినప్పుడు, ఆయన తెలుగువాడని తెలుగువారు, ఒరిస్సాలో పుట్టినవాడని ఒడియావారు పండుగ చేసుకున్నారు. ఇద్దరి మాటా నిజమే. మన పిల్లలకు ఆదర్శంగా చూపదగిన విషయమిది.

విభజనలు మనతో ఆగలేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రావతరణ మీరెరిగినవే. ఫజల్ అలీ సంఘం ముందు మన సరిహద్దు మళ్ళీ చర్చకు వచ్చింది. అటువారు ఇటు భూములు, ఇటువారు అటు భూములు కోరారు. 1955 నివేదికలో సంఘం ఒరిస్సా హద్దులను ఉన్నవి ఉన్నట్టే ఉంచమన్నది. 1956 నవంబరు 1న తెలుగువారంతా ఒక్క రాష్ట్రమయ్యారని సంబరాలు జరిగాయి. బరంపురం తెలుగువారు, పర్లాకిమిడి తెలుగువారు ఆ "అంతా"లో లేరు. ఆ సంబరాన్ని మనం పొరుగింటి పెళ్ళిగా చూశాం. మరి 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమయింది. అక్కడ భాష ఒక్కటే. అయినా నీళ్ళు, ఉద్యోగాలు, ఆత్మగౌరవం అనే విషయాలలో 1956 నాటి హామీలు నిలబడలేదన్న బాధ 1969లో ఒకమారు, ఆ తరువాత మరొకమారు ఉద్యమమై, చివరకు విభజనగా పరిణమించింది. భాష ఒక్కటైనంత మాత్రాన కలిసి ఉండలేరని తెలంగాణ, భాష వేరైనంత మాత్రాన విడిపోనక్కరలేదని మన గంజాం – రెండు పాఠాలూ తెలుగువారే నేర్పారు.

భాషా రాష్ట్రాలు ఏర్పడితే దేశం ముక్కలవుతుందని ఒకప్పుడు పెద్దలనేకులు భయపడ్డారు. జరిగినది వేరు. తన భాషకు చోటు దొరికిన తరువాత జనం దేశానికి మరింత దగ్గరయ్యారు. ద్రావిడనాడు కావాలన్న పక్షం 1963లో ఆ కోరికను విడిచిపెట్టి, తరువాత తమ రాష్ట్రంలోనే అధికారంలోకి వచ్చింది. దీనికి విరుద్ధమైన దృష్టాంతం పాకిస్తాను. తూర్పు ప్రాంతపు బెంగాలీ భాషకు సమాన గౌరవం ఇవ్వ నిరాకరించారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థుల రక్తం చిందింది. 1971లో ఆ దేశం రెండయింది. ఆ ఫిబ్రవరి 21నే నేడు ప్రపంచమంతా మాతృభాషా దినోత్సవంగా జరుపుకుంటున్నది. భాషను గౌరవించి కలిపి ఉంచుకోవచ్చు. భాషను అణచి కలిపి ఉంచడం ఎవరి తరమూ కాదు.

మన స్థితికి అన్నింటికంటె దగ్గరగా ఉన్న ఉదాహరణ ఐరోపాలో కనబడుతుంది. డెన్మార్కు, జర్మనీల నడుమ ష్లెస్విగ్ అనే ప్రాంతమున్నది. గంజాంలో లేని అవకాశం వారికి దక్కింది. 1920లో ప్రజల ఓటు తీసుకొని హద్దు నిర్ణయించారు. ఉత్తర భాగం డెన్మార్కు కోరింది, దక్షిణ భాగం జర్మనీ కోరింది. అంత న్యాయంగా గీసినా ఏమయింది? హద్దుకు ఉత్తరాన కొందరు జర్మనులు, దక్షిణాన కొందరు డేనులు మిగిలిపోయారు. ముప్పయ్యైదేళ్ళ తరువాత, 1955లో, ఇరు ప్రభుత్వాలూ బాన్, కోపెన్‌హేగెన్ నగరాలలో రెండు ప్రకటనలు చేశాయి. తాను ఏ జాతివాడో చెప్పుకోవడం ఎవరి ఇష్టం వారిది, దానిని అధికారులు ప్రశ్నించరాదన్నవి ఆ ప్రకటనలు. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు అండ లభించింది. నేడు హద్దుకు ఇరువైపులా ఆ బడులు నడుస్తున్నాయి.

దీనినిబట్టి నాకు తోచిన సిద్ధాంతం ఒక్కటే. కమిషన్లు వేసి గీసినా, ఓట్లు లెక్కించి గీసినా, ఎవ్వరూ తప్పు వైపున మిగలకుండా హద్దు గీయడం మానవమాత్రుల వల్ల కాదు. కనుక విభజన న్యాయమా అన్యాయమా అన్నది గీత ఎక్కడ పడింది అన్నదానిపై తేలదు. మిగిలిపోయినవారిని ఎలా చూశారు అన్నదానిపై తేలుతుంది. ఈ పరీక్ష ఒరిస్సాకు ఎంత ఉన్నదో ఆంధ్రకూ అంతే ఉన్నది. ఇచ్ఛాపురం, సోంపేట, మందస ప్రాంతాలలో ఒడియా సోదరులున్నారు, వారికీ బడులున్నాయి. ఇక్కడ మనకు ఒక తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ నింపకపోతే మనం బాధపడతాం. అక్కడ ఒడియా ఉపాధ్యాయుని ఖాళీ నింపకపోతే బాధపడవలసినవారం కూడా మనమే. మన బిడ్డల కోసం అడిగే హక్కు మనకు అప్పుడే పూర్తిగా దక్కుతుంది.

మన పాఠశాల వయస్సు, మన రాజ్యాంగం వయస్సు ఇంచుమించు ఒక్కటే. ఆ రాజ్యాంగం మనకిచ్చిన ఆధారాలను తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 29వ అధికరణం తన భాషను, లిపిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. 30వ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాలపై పెట్టింది. ఈ విషయాలు పరిశీలించడానికి ప్రత్యేకాధికారి ఉండాలని 350-బి చెబుతున్నది. అల్పసంఖ్యాకులెవరన్నది రాష్ట్రాన్నిబట్టి నిర్ణయించాలని సర్వోన్నత న్యాయస్థానం 2002లో తీర్పు చెప్పింది. కనుక దేశంలో తెలుగువారు కోట్లమంది ఉన్నా, ఒరిస్సాలో మనం అల్పసంఖ్యాకులమే. ఆ రక్షణ మనకున్నది. అది దానం కాదు, హక్కు.

కాని హక్కు కాగితం మీద ఉంటే చాలదు. తెలుగు బడి నిలవాలంటే మూడు కావాలి: సకాలంలో పాఠ్యపుస్తకాలు, తెలుగు వచ్చిన ఉపాధ్యాయులు, బెంచీల మీద పిల్లలు. మొదటి రెండింటి కోసం ప్రభుత్వాన్ని అడగవచ్చు. మూడవది మాత్రం మన ఇళ్ళలోనే ఉన్నది. ఇంగ్లీషు బడికి పంపితేనే బ్రతుకుతెరువని తల్లిదండ్రులు తలచడం నేను ఎరుగనిది కాదు, వారిని నిందించను. ఒడియా రాకపోతే ఇక్కడ ఉద్యోగం లేదు, ఇంగ్లీషు రాకపోతే బయట ఉద్యోగం లేదు, మరి తెలుగు దేనికన్న ప్రశ్నకు ఉద్వేగంతో కాక విచారణతో జవాబు చెప్పాలి. తన భాషలో ఆలోచించడం నేర్చిన బిడ్డ రెండవ భాషను, మూడవ భాషను సులువుగా నేర్చుకుంటాడు. ఈ బడి పూర్వ విద్యార్థులు ఈ సభలోనే అందుకు సాక్ష్యం. వీరు తెలుగులో చదువుకున్నారు, ఒడియాలో వ్యవహరించారు, ఇంగ్లీషులో పరీక్షలు నెగ్గారు. ఇంకొక మాట. 1936లో రాష్ట్రం మారినా తెలుగు పోలేదు. ప్రభుత్వం మార్చలేనిదాన్ని మన ఇంటి గడపలోనే మనం పోగొట్టుకుంటే, ఆ నేరం ఏ కమిషన్ మీద మోపుదాం?

ఈ జూబిలీ సందర్భంగా మూడు సూచనలు చేస్తున్నాను. మొదటిది, ప్రతి పూర్వ విద్యార్థి ఏటా కొన్ని తెలుగు పుస్తకాలు, కొన్ని ఒడియా పుస్తకాలు ఈ గ్రంథాలయానికి పంపాలి. రెండవది, గంజాం తెలుగులో ఒడియా మాటలు, గంజాం ఒడియాలో తెలుగు మాటలు ఎన్నో కలిసిపోయి ఉన్నాయి. వంటింటి పేర్లు, మగ్గం పనిముట్ల పేర్లు, వరసల పేర్లు పై తరగతుల పిల్లల చేత వ్రాయించి పదకోశం తయారుచేయాలి. మూడవది, పాత దస్తావేజులు, మహజర్ల నకళ్ళు, ఉత్తరాలు అటకల మీద ఉంటే చెదలకు వదలక పాఠశాలకు అప్పగించాలి. 1936ను కళ్ళారా చూసినవారు మన మధ్య ఇక దాదాపు లేరు. కాగితాలైనా మిగలాలి.

ఈ బడికి ఇరుగుపొరుగైన ఒడియా సోదరులకు ఈ వేదిక మీదినుండి కృతజ్ఞతలు చెప్పడం మన ధర్మం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం కొబ్బరితోటలూ నేలకూలాయి, గజపతి జిల్లా కొండ ఊళ్ళూ కొట్టుకుపోయాయి. గాలికి హద్దు తెలియదు. వంశధారకూ తెలియదు, ఒరిస్సా కొండల్లో పుట్టి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తున్నది. హద్దు తెలిసినది మనుషులకే గనుక, దాని నీటి కోసం న్యాయాధికరణం వేయవలసి వచ్చింది. హద్దులుంటాయి, ఉండాలి. పరిపాలనకు అవి అవసరం. పొలానికి గట్టు వేసుకున్నవారు గట్టు మీద నిలబడి మాట్లాడుకోవడం మానరు గదా! ఆ గట్టు మీది బడి మనది. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయగల పిల్లలను అది డెబ్భై ఐదేళ్ళుగా తయారుచేసింది.

శతవార్షికోత్సవం నాటికి ఈ సభలో మాలో చాలామందిమి ఉండం. కాని నేడు మొదటి వరుసలో కూర్చున్న ఈ చిన్నారులు అప్పటికి నడివయస్సువారై ఉంటారు. ఆనాడు వారు ఈ వేదికనెక్కి తెలుగులో మాట్లాడితే, దానిని వినడానికి ఎదుట తెలుగు వచ్చిన పిల్లలు కూర్చొని ఉంటే, 1936లో ఇక్కడ మిగిలిపోయిన మన పెద్దల నిబ్బరం సార్థకమైనట్లే. ఆ భారం మనందరిదీ.